ముగ్గు గీత మీద బిందెలు

తెనాలిలో మీరా మొహిద్దీన్ గొంతు ఎరగని మనిషి కనబడితే, అతను రైలు మారడానికి దిగినవాడని అర్థం. ఆ గొంతును ఊరంతా మోసుకు తిరిగేది నా ఆటో. ఇంటర్ మధ్యలో కాలేజీ నన్ను పోగొట్టుకోబట్టి ఈ ఊరికి ఇంత మంచి డ్రైవరు దక్కాడు. సందు ఎంత ఇరుకైనా సరే, నేను దూరితే అదే కాస్త పక్కకు జరుగుతుంది. ఆ ఘనత మరెప్పుడైనా చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెప్పేది మొహిద్దీన్ సంగతి, మా మెయిన్ రోడ్డు నడుమ ఆయనకు కావలసి వచ్చిన ఒక ఖాళీ సంగతి.

ఆయన పుట్టింది బాపట్లలో. తండ్రికి అక్కడ మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. పెళ్ళికైనా, ఉరుసుకైనా, క్రిస్మస్ ఆరాధనకైనా, ఎన్నికలకైనా ఆ కొట్లోంచే సెట్టు వెళ్ళేది. పుట్టినప్పుడు ఈయన ఏడ్చిన ఏడుపు కర్లపాలెం దాకా వినబడి, అక్కడి జనం బస్సు వస్తోందనుకుని సంచులు పట్టుకుని రోడ్డెక్కారని చెబుతారు. చెబుతారు అంటే, నేనే చెబుతాను. ఆయన కాదనడు.

కుర్రతనంలో రిక్షాలో కూర్చుని సినిమాలకు, సర్కసులకు, చీరాల నేతచీరల తగ్గింపు అమ్మకాలకు ప్రచారం చేశాడు. ఒకసారి రేపల్లె స్టేషను బయట నిలబడి జరీ అంచు గురించి చెబుతుంటే, కదలబోతున్న రైల్లోంచి ఆడవాళ్ళు దిగిపోయారు. ఏం జరిగిందో చూద్దామని దిగిన గార్డు కూడా ఒక చీర కొనుక్కుని, అప్పుడు జెండా ఊపాడు. వేటపాలెంలో జీడిపప్పు షెడ్ల ముందు మాట్లాడితే లోపల గింజలు వాటంతటవే పగిలాయని కూడా అంటారు. దానికి నేను పూచీ పడను. ఆ రోజు నేను ఊళ్ళో లేను. నిజానికి అప్పటికి నేను పుట్టనే లేదు.

ఆ గొంతు వినే తెనాలి అబీదా పెళ్ళికి ఒప్పుకుంది. ఆ మాట ఆవిడ ఎవరు అడిగినా చెబుతుంది.

"గొంతు విని ఆరడుగుల మనిషనుకున్నానయ్యా. పెళ్ళిరోజు చూస్తే మైకు స్టాండంతే ఉన్నాడు."

ఆయన మనిషి పొట్టే. తెల్ల చొక్కా, జేబులో లవంగాల పొట్లం, మెడలో మఫ్లరు. ఎండాకాలంలోనూ ఆ మఫ్లరు తియ్యడు. గొంతుకు గాలి తగిలితే సంసారానికి తగులుతుందని ఆయన లెక్క.

తర్వాత పెన్‌డ్రైవులు వచ్చాయి. చీరల కొట్టువాళ్ళు, కాలేజీలవాళ్ళు, ప్రార్థన కూటాలవాళ్ళు ఒకసారి రికార్డు చేయించుకుని అదే పాటను ఆటోల్లో తిప్పుకోవడం మొదలుపెట్టారు. రికార్డు చేసిన గొంతు దగ్గదు, టీ అడగదు. ఒక్కటొక్కటిగా పనులన్నీ జారిపోయి ఆయన చేతిలో ఒకే పని మిగిలింది. అది నీళ్ళ పని. పైపు ఎప్పుడు పగులుతుందో పైపుకే తెలియదు. పగిలాక రికార్డింగు చేయించే తీరిక ఎవరికీ ఉండదు. అప్పుడు మాత్రం మునిసిపాలిటీ నుంచి మొహిద్దీన్‌కి ఫోను వస్తుంది. నేను ఆటో తీస్తాను. "పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక" అని ఆయన మొదలుపెడతాడు, రేపు ఏయే వార్డులకు నీళ్ళు రావో చెబుతాడు.

ఏళ్ళ తరబడి ఇదే జరిగేసరికి జనం ఆయన చెప్పేది వినడం మానేశారు. విననవసరం లేదు. ఆ గొంతు వీధి మలుపు తిరిగిందంటే చాలు, చేతిలో ఉన్న పని వదిలేసి కుళాయి తిప్పుతారు, మోటారు వేస్తారు. మా ఆటో ముందు వెళుతుంటే వెనకాల వరసగా బిందెల చప్పుడు వినబడుతుంది. పెళ్ళి ఊరేగింపుకు కూడా అంత మేళం ఉండదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మెయిన్ రోడ్డు మార్చాలన్న మాట వచ్చింది. రెండు పక్కలా నడిచే దారి, కాలవల మీద పలకలు, కొత్త దీపాలు, నడుమ పొడుగునా డివైడరు. ఆ డివైడరు దగ్గరే మొహిద్దీన్ ఇంటికి చిక్కు వచ్చింది. రోడ్డుకు తూర్పున మసీదు సందు మొదట్లో అబీదా ఇడ్లీ బండి ఉంది. పడమర మార్కెట్టు. పొద్దున్నే లారీల్లోంచి బస్తాలు, అరటిగెలలు దించిన ముఠావాళ్ళు నేరుగా రోడ్డు దాటి వచ్చి ఆవిడ దగ్గర తింటారు. ఆ బండి మీదే వాళ్ళ ఇల్లు నడుస్తోంది. నీళ్ళ కబుర్ల మీద వచ్చేది లవంగాలకు సరిపోతుంది. ప్లానులో డివైడరు సందు దగ్గర ఎక్కడా తెగలేదు. దాటాలంటే సిగ్నలు దాకా నడిచి, అటు తిరిగి మళ్ళీ వెనక్కి రావాలి.

"లోడు దించినోడు నా ఇడ్లీ కోసం సిగ్నలు దాకా నడుస్తాడా? నేనైతే నడవను" అంది అబీదా.

ప్లాను గీసే కంపెనీ తరఫున గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు పేరు స్వర్ణలత. చిన్నపిల్లే గానీ నెమ్మదస్తురాలు. జనం ఏమంటారో వినకుండా గీత ఖాయం చెయ్యకూడదని ఆ అమ్మాయికి పైనుంచి ఆర్డరు ఉంది. అందుకని కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టింది. ఆ కబురు ఊళ్ళో చెప్పే పని మొహిద్దీన్‌కే ఇచ్చారు. పని ఒప్పుకుంటూనే ఆయన తన ఖాళీ సంగతి ఎత్తాడు. ఆమె ప్లాను పరిచి, సందు ఎక్కడుందో వేలు పెట్టి చూసి, నిజమే అంది.

"కానీ మీరొక్కరే చెబితే మీ ఆవిడ బండి కోసం అడిగినట్టుంటుంది బాబాయ్‌గారూ. నలుగురొచ్చి మేమూ ఇక్కడే దాటుతాం అంటే, నేను గీత మార్చి పంపగలను."

"మా ఆవిడ బండి కోసమే అడుగుతున్నానమ్మా" అన్నాడాయన.

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ పనికి పక్కన నేనున్నాను గానీ నన్నెవరూ అడగలేదు.

మీటింగు ముందు రోజుల్లో ఆయన ఆ రోడ్డు మీద పనిచేసినట్టు ఎప్పుడూ చెయ్యలేదు. ఇచ్చిన డబ్బుకు ఒక చుట్టు చాలు. ఆయన నన్ను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పించాడు. నా డీజిలు సంగతి అడిగితే ఇడ్లీ పెట్టించాడు. రోడ్డు మనది, దాటేది మనం, వచ్చి నోరు విప్పి చెప్పండి అని ఎండలో మఫ్లరు తడిసేలా చెప్పాడు. మేడల మీంచి ఆడవాళ్ళు చెయ్యి ఊపారు. కొట్లవాళ్ళు తలాడించారు. విన్నాం, విన్నాం అన్నారు. ఇంతమందికి హాలు చాలదేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. అద్దె కుర్చీలు ఇంకొన్ని వేయించమని స్వర్ణలతకు ఫోను కూడా చేశాడు.

మీటింగు సాయంత్రం ఆ కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ముందు వరసలో అబీదా కొత్త చీర కట్టుకుని కూర్చుంది. వెనకాల ఫ్యాను కింద లూథరన్ స్కూల్లో పనిచేసి రిటైరైన ఫ్లోరెన్స్ టీచరు కూర్చుంది. గోడ మీద ప్లాను, పక్కన స్వర్ణలత, గుమ్మంలో మొహిద్దీన్. నేను బిస్కెట్ల బల్ల దగ్గర ఉన్నాను. చాలాసేపు చూశాక ఆయన టీచరు దగ్గరికి వెళ్ళాడు.

"టీచరుగారూ, మీ వీధివాళ్ళేరండి?"

"నీళ్ళు పట్టుకుంటున్నారండి."

"ఈ టైములోనా?"

"రేపు నీళ్ళు రావని మీరే చెబుతున్నారు కదండీ, రోజూ రెండు పూటలా. పాపం పైపు ఎంత గట్టిగా పగిలిందో అనుకున్నాం."

"నేను మీటింగు గురించి చెప్పానండి."

టీచరు కళ్ళజోడు సర్దుకుని, గోడ మీది ప్లాను వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. తన డ్రమ్ము పొద్దున్నే నిండిందని, ఇంట్లో కరెంటు పోతే ఇక్కడ ఫ్యాను తిరుగుతోందని వచ్చానని చెప్పింది. రోడ్డు గురించి ఏమైనా చెబుతారా అని స్వర్ణలత అడిగితే, రోడ్డు బాగానే ఉందమ్మా అంది.

స్వర్ణలత ఇంకాసేపు ఎదురుచూసి ప్లాను చుట్టేసింది. మర్నాడు పొద్దున డివైడరు వచ్చేచోట ముగ్గు పోయిస్తానని, మధ్యాహ్నానికి గుంటూరు వెళ్ళి రిపోర్టు ఇచ్చేస్తానని చెప్పింది. ఆయన సరేనమ్మా అన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా బిందెల చప్పుడే. ఆ చప్పుడు వింటూ ఆయన లవంగం తర్వాత లవంగం నోట్లో వేసుకున్నాడు.  అబీదా బిస్కెట్లు అన్నీ నేనే తిన్నానని తిట్టింది.

ఇక్కడ నా ప్రమేయం ఏమీ లేదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. ఎగువ వీధులవాళ్ళు ఒకేసారి మోటార్లు వేసి లాగేసరికి మా వైపు ట్యాంకు అడుగంటింది. అడుగున ఎవరి తాతదో పాత చెంబు కూడా దొరికిందంటారు. దిగువ సందుల్లో డ్రమ్ములు సగంలోనే ఆగిపోయాయి. తెల్లారి కుళాయి తిప్పితే గాలి వచ్చింది. దాంతో మొహిద్దీన్ పరపతి ఆకాశాన్నంటింది. రావన్నాడు, రాలేదు అని వీధి వీధీ చెప్పుకుంది.

చివరికి మునిసిపాలిటీకి ట్యాంకరు పంపక తప్పలేదు. సందుల్లోకి ట్యాంకరు పట్టదు కాబట్టి డ్రైవరు యలమంద దాన్ని మెయిన్ రోడ్డు మీదే ఆపాడు. అప్పటికే రోడ్డు నడుమ పొడుగునా తెల్లగా ముగ్గు గీత పడి ఉంది.

మా వైపు నీళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది. వరసలో మనిషి నిలబడక్కర్లేదు, బిందె నిలబడితే చాలు. బిందె పెట్టి ఇంటికెళ్ళి పిల్లలకు జడలేసి రావచ్చు. ఎంత పడనివాళ్ళైనా ఇంకొకరి బిందె కదపరు. కదిపితే ఆ గొడవ మనవల దాకా నడుస్తుంది. ట్యాంకరు కనబడగానే డ్రమ్ములు నిండినవాళ్ళు, నిండనివాళ్ళు అందరూ వచ్చి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బిందె పెట్టారు. బస్సులు ఆగిపోయాయి. యలమంద క్యాబిన్లోంచి చెయ్యి బయటపెట్టి అరుస్తున్నాడు.

మొహిద్దీన్ బండి దగ్గర గిన్నెలు అందిస్తున్నవాడల్లా ఆగి రోడ్డు వైపు చూశాడు. నిన్న హాలుకు రావలసినవాళ్ళంతా ఇప్పుడు ఆ గీత చుట్టూ ఉన్నారు.

"అబ్బాయ్, మైకు ఆన్ చెయ్యి. ఆ ఇంజనీరు అమ్మాయి ఇంకా ఊళ్ళోనే ఉంది" అన్నాడు.

బిందెలు రోడ్డంతా పరచవద్దని, ముగ్గు గీత మీద వరసగా పెట్టమని చెప్పాడు. నీళ్ళ మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. కాసేపట్లో గీత పొడుగునా ఇత్తడి, స్టీలు, ప్లాస్టిక్కు కలిసి గోడ కట్టినట్టు నిలబడ్డాయి. బస్సులు అటొకటి ఇటొకటి కదిలాయి. డివైడరు ఎలా ఉంటుందో ప్లాను చూస్తే నాకు అర్థం కాలేదు గానీ అది చూశాక అర్థమైంది.

అబీదా బండికి ఎదురుగా కాస్త ఖాళీ వదలమని కూడా ఆయన చెప్పాడు. ఒకసారి మామూలుగా, ఒకసారి బతిమాలుతూ చెప్పాడు. అది నీళ్ళ మాట కాదు కాబట్టి ఎవరి చెవికీ ఎక్కలేదు. సరిగ్గా అక్కడే ఫ్లోరెన్స్ టీచరు తన స్టీలు డ్రమ్ము పెట్టింది. దాని పక్కన ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు పెట్టారు.

టిఫిను వేళకు ముఠావాళ్ళు మార్కెట్లోంచి వచ్చారు. గీత దగ్గరికొచ్చి ఆగారు. ఇవతల అబీదా ఇడ్లీ పాత్ర మూత తీసి చూస్తోంది. అవతల వాళ్ళు బిందెల మీదుగా ఆవిడను చూస్తున్నారు. దాటడానికి కాలెత్తితే ఏ బిందెకు తగులుతుందో, ఎవరి నోట పడాలో. కొందరు వెనక్కి తిరిగి మార్కెట్టు పక్క టీ కొట్టు వైపు నడిచారు. అబీదా మూత పెట్టేసింది. మొహిద్దీన్ మైకు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉన్నాడు. 

ముఠాలో పెద్దవాడు ముత్తయ్య మాత్రం తిరిగిపోలేదు. భుజాన తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, ఎదురుగా ఉన్న డ్రమ్ము చూశాడు.

"ఇది మీదేనాండి టీచరుగారూ?"

"నాదే. కదపకు."

"నేనెందుకు కదుపుతానండి. ఆకలేస్తోంది. రోజూ ఈడనే దాటతాం గదా, మీరు సూత్తానే ఉంటారు."

"చూస్తూనే ఉంటాను. నిన్న ఒకతను సైకిలు కింద పడబోయాడు కూడా."

"మరి డ్రమ్ము అడ్డం పెడితే ఎట్టాగండి? మీ సర్చీ గుమ్మంలో నేను బస్తా ఏత్తే మీరు ఊరుకుంటారా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. టీచరు నవ్వలేదు. కాసేపు డ్రమ్ము వైపు చూసి, దాని చెవి పట్టుకుని తనే పక్కకు లాగింది. అలా లాగితే వరసలో తన చోటు పోదని ముందు అందరి చేతా అనిపించుకుంది. ఆవిడ జరిగేసరికి పక్క బిందె జరగాలి, దాని పక్కది జరగాలి. వరస అలా జరుగుతూ పోయి చివర్న ట్యాంకరుకు ఆనుకుంది. నడుమ మనుషులు పట్టేంత దారి తెరుచుకుంది. ముఠావాళ్ళు వరసగా ఇవతలికి వచ్చారు. వాళ్ళ వెనకాల అరటిగెలల తోపుడుబండి ఒకటి వచ్చి, బాగా పక్కకు జరపండమ్మా అంటే ఇంకాస్త జరిపారు. అది చూసి కిందివైపు మందుల కొట్టు దగ్గర ఇంకొక ఖాళీ వదిలారు. ఎవరూ చెప్పకుండానే, తగువు లేకుండానే వదిలారు.

స్వర్ణలత తన గీత సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి వచ్చింది. గీత కనబడలేదు, బిందెలు కనబడ్డాయి. ముందు ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. తర్వాత ఒక మెట్టు ఎక్కి నిలబడి చాలాసేపు చూసింది. ఫోను తీసి ఈ చివర నుంచి ఆ చివరకు ఫొటోలు తీసింది. కిందికి దిగి, ఇక్కడెందుకు ఖాళీ వదిలారని టీచరును అడిగింది.

"ఇది దారమ్మా. దార్లో ఎవరైనా బిందె పెడతారా?" అంది టీచరు, డ్రమ్ము కొత్తచోట సర్దుకుంటూ.

అంతే. నీళ్ళ వరసలో నిలబడ్డ మనిషికి మాట్లాడడం తప్ప వేరే పనేముంటుంది. స్వర్ణలత ఒక్క ప్రశ్న వేస్తే పదిమంది జవాబు చెప్పారు. ముసలివాళ్ళు ఎక్కడ తడబడతారో, స్కూలు వదిలినప్పుడు పిల్లలు ఎటు పరిగెత్తుతారో, వానొస్తే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఎవరి కొట్టు మెట్లు ఎవరి దారిలోకి వచ్చాయో అన్నీ బయటపడ్డాయి. మెట్ల దగ్గర చిన్న కొట్లాట కూడా అయింది. ఇదంతా నిన్న హాల్లో చెప్పవచ్చు కదా అని ఆమె అడిగితే, నిన్న మీటింగని ఎవరూ చెప్పలేదే అన్నారు. మొహిద్దీన్ ఆ మాట విని మఫ్లరు గట్టిగా చుట్టుకున్నాడు.

ఆమె ఆ మధ్యాహ్నం గుంటూరు వెళ్ళలేదు. ఆకలేసి అబీదా బండి దగ్గరే తింది. డబ్బులిస్తే అబీదా తీసుకుంది.

కొన్నాళ్ళకు మార్చిన ప్లాను ఖాయమైంది. మసీదు సందు దగ్గర ఒక ఖాళీ, మందుల కొట్టు దగ్గర ఒక ఖాళీ. ఆ కబురు ఊళ్ళో చెప్పే పని మళ్ళీ మొహిద్దీన్‌కే వచ్చింది. ఆయన ఎంతో సంతోషంగా మొదలుపెట్టాడు. "పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక" అన్నాడో లేదో, వెనకాల బిందెల మేళం అందుకుంది. ఒక చుట్టు తిరిగి బండి దగ్గరికొస్తే అబీదా డ్రమ్ము కింద పైపు పెట్టి ఉంది.

"ఏంటి పిన్నీ, నువ్వు కూడానా? ఆయన చెప్పేది మన ఖాళీ గురించి."

"తెలుసు. మొన్నా మీటింగు గురించే చెప్పాడు, నీళ్ళు వచ్చాయా?" అంది.

డివైడరు కట్టారు. ఖాళీ సరిగ్గా బండికి ఎదురుగా పడలేదు, ఒక కొట్టు అవతలికి పడింది. ముఠావాళ్ళు ఏటవాలుగా నడిచి వస్తారు, లెక్కేమీ తగ్గలేదు. మనుషులు, తోపుడుబళ్ళు మాత్రమే దాటాలని నడుమ ఇనప గుంజ పాతారు. నేను దూరితే సందు పక్కకు జరుగుతుందని మొదట్లో చెప్పాను. ఇనప గుంజ జరగదు, చూశాను. అందుకని పొద్దున్నే మార్కెట్టు వైపు ఆటో ఆపుతాను. మొహిద్దీన్ దిగి, ఆ ఖాళీలోంచి నడిచి వెళ్ళి టిఫిను చేస్తాడు. నేను సిగ్నలు దాకా పోయి చుట్టూ తిరిగి వచ్చేసరికి అల్లం చట్నీ అయిపోయి ఉంటుంది.